సాగర్‌ల టూరిస్ట్ లాంచి నడపాలంటే ఏ లైసెన్స్ కావాలె? సరంగు, అంటె లాంచి నడిపెటోని సర్టిఫికెట్ గురించి తెలిసినోళ్లు జర చెప్పండి

సాగర్_పోరడు:
అందరికి నమస్తే. మాది పెద్దవూర దిక్కు. మా నాయిన సాగర్‌ల చేపలు పడ్తడు, నేను నడక నేర్వకముందే పుట్టి ఎక్కిన్నట, అమ్మ చెప్తది. ఐటీఐ డీజిల్ మెకానిక్ అయిపోయింది, వయసు 22. నాకు ఎప్పటిసంది ఒకటే కోరిక, లాంచి స్టేషన్ల నాగార్జునకొండకు పోయే పెద్ద లాంచి నడపాలె. అయితే ఎవర్ని అడిగినా ఒక్కోలు ఒక్కో తీరు చెప్తున్నరు. మా దోస్తేమో ఆర్టీవో ఆఫీసుల బోటుకు గూడ లైసెన్స్ ఇస్తరు, నీకు ఎట్లాగు కారు లైసెన్స్ ఉన్నది గద దాని మీదనే ఎక్కిస్తరు అంటడు. ఇంకొకడు గోవా పోయి కొన్ని దినాల కోర్సు చేసొస్తె అయిపాయె అంటడు. హైదరాబాద్‌ల ఒకాయన 40 వేలిస్తె ఇంట్ల కూసోంగనే సర్టిఫికెట్ తెప్పిస్త అన్నడు. నాయిన అప్పు జేసైనా ఇస్త అంటున్నడు గానీ నాకు మనసొప్పుతలేదు. అసలు దారేంది, ఎక్కడ మొదలు పెట్టాలె?

డీజిల్_మిర్యాలగూడ:
తమ్మీ ముందుగాల ఆ 40 వేలు ఎవ్వనికీ ఇయ్యకు. ఆర్టీవోకు దీనికి ఏం సంబంధం లేదు, మోటార్ వెహికిల్ చట్టం రోడ్డు మీద నడిచేటియికి. నీళ్ల మీద ఇంజన్‌తోని నడిచే పడవలకు ఇన్‌ల్యాండ్ వెసల్స్ చట్టం ఉన్నది. పాతది 1917 నాటిది, దాని జాగల 2021ల కొత్తది వచ్చింది, 2022ల రూల్స్ గూడ వచ్చినయ్. నేను బోర్లు, హార్వెస్టర్లు, రెండు మూడు బోటు ఇంజన్లు చేసిన, నడిపే లైసెన్స్ సంగతి నాకు పూర్తిగ తెల్వదు. పాత సరంగు సార్ ఈ గ్రూపుల ఉన్నరు, ఆయన చెప్తె వినాలె.

పాత_సరంగు:
పిలిచినందుకు సంతోషం. బిడ్డా నీ పోస్టు రెండు సార్లు చదివిన. నేను లాంచి మీద కలాసిగ ఎక్కిన రోజుకు నీకంటె చిన్నోణ్ని, తాడు ఇసురుడు, డెక్కు కడుగుడు, లంగరు గుంజుడు ఇదే పని, చుక్కాని ముట్టనిచ్చెటోళ్లు కాదు. అట్ల ఏండ్లు గడిచినంక సరంగునైన. నువ్వు అడిగినదానికి ఒక్కొక్కటే చెప్త, జర పొడుగైతది.

మనం సరంగు అంటం, కేరళల స్రాంక్ అంటరు, ఇంగ్లీషుల సెరాంగ్ అని రాస్తరు, అన్నీ ఒకటే. పాత చట్టంల మెట్లు ఇట్ల ఉండె: సరంగు, దాని మీద సెకండ్ క్లాస్ మాస్టర్, దాని మీద ఫస్ట్ క్లాస్ మాస్టర్. ఇంజన్ దిక్కు పోయెటోళ్లకు వేరే మెట్లు, ఇంజన్ డ్రైవర్ సెకండ్ క్లాస్, ఫస్ట్ క్లాస్. కొత్త రూల్స్‌ల సరంగును మాస్టర్ మూడో క్లాస్ అంటున్నరు, పేరు మారింది గని మెట్టు అదే. పడవ ఎంత పెద్దది, ఇంజన్ ఎన్ని హార్స్ పవర్, ఎంత మందిని ఎక్కిస్తది అన్నదాన్ని బట్టి ఎవరికి ఏ సర్టిఫికెట్ ఉండాలె అనేది రూల్స్‌ల ఉంటది.

ఈ సర్టిఫికెట్ కొనేది గాదు. దీన్ని కాంపిటెన్సీ సర్టిఫికెట్ అంటరు, అంటే నువ్వు నడపగలవు అని పరీక్ష పెట్టి ఒప్పుకున్న కాయితం. పరీక్షకు కూసోవాలంటె ముందు పడవ మీద పని చేసిన సర్వీసు చూపియ్యాలె. ఆ సర్వీసు ఎట్ల లెక్కకొస్తది? రిజిస్ట్రేషన్ ఉన్న పడవ మీద, యజమాని సంతకం పెట్టిన లెక్కతోటి. నేను చూసిన పెద్ద నష్టం ఈడనే. మా కింద పని చేసిన ఒక పిలగాడు ఆరేండ్లు ఒక ప్రైవేటు బోటు మీద చేసిండు, పని మస్తు నేర్సిండు, తీరా పరీక్షకు పోదామనేసరికి ఆ బోటుకు రిజిస్ట్రేషనే లేదు, పడవను తనిఖీ చేసి ఇచ్చే సర్వే సర్టిఫికెట్ లేదు. ఆరేండ్లు వట్టిగ పోయినయ్. అందుకే నువ్వు పనిల చేరే రోజు జీతం ఎంత అని అడగకముందు పడవ కాయితాలు చూపియ్యండి అని అడుగు. అడిగితె కోపం చేసెటోని దగ్గర చేరకు.

సాగర్_పోరడు:
సార్ మస్తు థ్యాంక్స్. ఈ సంగతి ఇంతవరకు ఎవ్వలు చెప్పలే. అయితే చదువుకోనీకి స్కూలు ఏమన్న ఉంటదా లేక అంత పని మీద నేర్చుకునుడేనా? మా నాయిన పుట్టి మీద చేసిన సర్వీసు నాకు పనికొస్తదా, ఎనిమిదో తరగతి సంది నేను గూడ వల గుంజిన.

పాత_సరంగు:
స్కూలు ఉన్నది. కేంద్రం వాళ్ల జలమార్గాల సంస్థ 1986ల పెట్టిన్రు, వాళ్లదే పాట్నాల నేషనల్ ఇన్‌ల్యాండ్ నావిగేషన్ ఇన్‌స్టిట్యూట్, గంగ ఒడ్డున గాయ్‌ఘాట్‌ల ఉంటది, 2004 సంది నడుస్తున్నది. కొత్తోళ్లకు జనరల్ పర్పస్ రేటింగ్ అని కోర్సు, అంటే కలాసి పని శాస్త్రం ప్రకారం నేర్పుతరు, పై మెట్లకు సరంగు, మాస్టర్, డ్రైవర్ కోర్సులు గూడ ఉన్నయ్. హిందీ వస్తె మంచిది, మనోళ్లకు హైదరాబాద్ హిందీ ఉంటది కాబట్టి నడుస్తది.

పుట్టి మీద చేసింది సర్వీసు కింద రాదు బిడ్డా, ఇంజన్ లేదు గద. ఇంజన్ లేని పడవల రిజిస్ట్రేషన్‌ను కొత్త చట్టంల లోకల్ సంస్థల దిక్కు పెట్టిన్రు. కాని ఒక మాట చెప్త, తెడ్డు పట్టినోనికి నీళ్ల మీద గాలి ఎట్ల మళ్లుతదో చెప్పక్కరలేదు, ఆ తెలివి కోర్సుల రాదు. మీ నాయిన దగ్గర నేర్సింది ఏది పోదు.

హైదరాబాదీ_జలం:
గోవా సంగతి నేను చెప్త, నేను అక్కడ చేసినోణ్నే. గోవాల ఉన్నది నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ వాటర్ స్పోర్ట్స్, టూరిజం శాఖ కిందికి వస్తది, 1990ల పెట్టింది. పవర్ బోటు హ్యాండ్లింగ్, లైఫ్ సేవింగ్ కోర్సులు చెప్తరు. మంచి ట్రైనింగ్, నేను ఒప్పుకుంట. స్పీడ్ బోట్లు, జెట్ స్కీలు, పారాసెయిలింగ్ బోట్లు నడిపెటోళ్లకు అది అవసరం, టూరిజం బోటింగ్ పాయింట్లల్ల చాన మంది ఆ కోర్సు చేసినోళ్లే ఉంటరు. కాని వంద మందిని ఎక్కించుకునే డబుల్ డెక్కర్ లాంచి చుక్కాని ముందల నిలబడాలంటె అది సరిపోదు బ్రదర్. అది వేరే, ఇది వేరే. రెండు ఉంటె ఇంక మంచిది, ముఖ్యంగ లైఫ్ సేవింగ్ అయితే నీళ్ల మీద పని చేసే ప్రతి ఒక్కరు చెయ్యాలె.

మిర్యాలగూడ_లెక్కలు:
నాకు ఇంకో డౌటు. మేం నలుగురం కలిసి కొల్లాపూర్ దగ్గరి సోమశిల దిక్కు ఒక బోటు పెడ్దామని చూస్తున్నం. సెకండ్ హ్యాండ్ చేపల బోటు ఒకటి తక్కువల వస్తున్నది, దాని మీద ఇంకో ఫ్లోరు కట్టి కుర్చీలు ఏస్తె 50 మంది కూసుంటరు. నడపనీకి అనుభవం ఉన్న మనిషి ఉన్నడు, ఇరవై ఏండ్లసంది నడుపుతున్నడు కాని సర్టిఫికెట్ లేదు. శివరాత్రికి ఎంతమంది వస్తరో మీకు తెలుసు, సీజన్ల నాలుగు దినాలు నడిపితె పెట్టుబడి వస్తది. ఇంత కాయితాలు చూసుకుంట పోతె ఎవ్వడు బోటు పెట్టలేడు గద?

గోదారి_గట్టు:
అన్నయ్యా క్షమించండి, మీరు అడిగిందానికి నేను నిదానంగా జవాబు చెప్పలేకపోతున్నాను. మాది దేవీపట్నం దగ్గర. 2019 సెప్టెంబర్ 15 ఆదివారం, కచ్చులూరు మందం దగ్గర పాపికొండలు వెళ్తున్న టూరిస్టు బోటు తిరగబడింది. 77 మంది ఎక్కారు, 26 మంది బతికారు, 51 మంది పోయారు. అందులో మీ తెలంగాణా వాళ్లూ చాలా మంది ఉన్నారు. మా ఊరి వాళ్లు నాటు పడవలేసుకుని వెళ్లి అందిన వాళ్లని అందినట్టు పైకి లాగారండి. గోదారి వరద మీద ఉన్నప్పుడు ఆ మందం దగ్గర నీళ్లు గుండ్రంగా తిరుగుతాయి, అక్కడ బోటు అడ్డం తిరిగితే ఇక చుక్కాని మాట వినదు, చిన్నప్పుడే మాకు చెప్పేవారు. అక్టోబర్ 22 దాకా ఆ బోటు ఒడ్డుకి రాలేదు, కాకినాడ ధర్మాడి సత్యం గారి బృందం తాళ్లేసి లాగితే వచ్చింది. అన్ని రోజులూ జనం ఒడ్డునే కూర్చున్నారు, మా వాళ్లు ఏరీ అని. ఆ రోజుల్లో వాళ్లకి అన్నం వండి పెట్టిన వాళ్లలో మా అమ్మ ఒకర్తి.

మీరు చెప్పిన ఆ పై ఫ్లోరు ఆలోచన దయచేసి మానుకోండి.

పాత_సరంగు:
లెక్కలు తమ్మీ, నీ మీద కోపం లేదు, నువ్వు అడిగినవ్ కాబట్టి చెప్తున్న, అడగకుండ కట్టెటోళ్లు మస్తు మంది ఉన్నరు.

చేపల బోటు పొట్ట ఎట్ల కడ్తరు? బరువంత అడుగున ఉంటది, చేపలు, ఐసు, వల, అన్నీ కింద. మనిషి బరువు పైన లేదు. అదే బోటు మీద నువ్వు ఇంకో డెక్కు కట్టి 25 మందిని పైకి ఎక్కిస్తె బరువు నడుము నుంచి నెత్తికి పోతది. నెత్తిన బిందెలు పెట్టుకున్న మనిషిని పక్కకు జర నూకి చూడు, ఏమైతది? కేరళల తానూరు దగ్గర 2023 మే 7న గట్లనే అయింది, చేపల బోటును మార్చి టూరిస్ట్ బోటు చేసిన్రు, 22 మంది పోయిన్రు, ఎక్కువ పిల్లలే. దాని ముందు 2009ల తేక్కడిల, పెరియార్ చెరువుల, 45 మంది. ఆడ ఒడ్డున జంతువులు కనపడితె చూడనీకి జనం అంత ఒక్క దిక్కు ఉరికిన్రు.

మన దిక్కు ఏం ఉన్నది? అక్కమహాదేవి గుహలు వస్తుంటె అందరు సెల్‌ఫోన్లు పట్టుకోని ఒక్క దిక్కే ఉరుకుతరు. నాగార్జునకొండ దగ్గరపడంగనే అందరు ముందలికి. నేను నడిపినన్ని ఏండ్లు ఒక కలాసిని దీనికోసమే పెట్టిన, జనాన్ని కూసోపెట్టుడే వాని పని. 

కొత్త పడవకైనా మార్చిన పడవకైనా సర్వే ఉంటది. వంపు పరీక్ష చేస్తరు, తెలిసిన బరువులు డెక్కు మీద ఒక దిక్కుకెల్లి ఇంకో దిక్కుకు జరిపి పడవ ఎంత వంగుతున్నదో కొలుస్తరు, దాన్నిబట్టి పైన ఎంత మంది, కింద ఎంత మంది అని రాసిస్తరు. ఆ నంబరు పడవ మీద అందరికి కనపడేటట్టు రాయాలె. ఇన్సూరెన్స్ గూడ ఉండాలె. ఇయన్నీ ఉంటె నువ్వు బోటు పెట్టు, నేనే వచ్చి నీ పిలగాండ్లకు నేర్పిత్త, పైసలు వద్దు. ఇక ఇరవై ఏండ్ల అనుభవం ఉన్న ఆ మనిషిని గూడ పరీక్షకు పంపు. అంత పని తెలిసినోడు పరీక్షల పోడు, ఆయనకు కావాల్సింది చదివి చెప్పెటోడు ఒకడు, అంతే.

కొల్లాపూర్_మామిడి:
నేను ఇన్ని దినాలు ఈ గ్రూపుల చదువుడే గని రాసింది లేదు. మాది పెంట్లవెల్లి దిక్కు. 2007 జనవరిల మంచాలకట్ట దగ్గర కృష్ణల పడవ మునిగింది, అరవై మందికి పైన పోయిన్రు. అవతలి ఒడ్డు నెహ్రూనగర్. మా దిక్కోళ్లకు అవతలి ఒడ్డుల చుట్టాలు, పొలాలు, జాతరలు, అన్నీ ఉంటయ్, పడవ ఎక్కుడంటె మాకు బస్సు ఎక్కినట్టే. ఆ పొద్దు మా మేనత్త, ఆమె బిడ్డ ఎక్కిన్రు. ఎంతమంది ఎక్కిన్రని ఎవ్వలు లెక్క పెట్టలే, ఇంకో ఇద్దరు పడ్తరు ఎక్కుండ్రి ఎక్కుండ్రి అన్నరట, ఒడ్డున ఉండి చూసినోళ్లు చెప్పిన్రు. మా మామ ఇప్పటికి నది దిక్కు పోడు, శివరాత్రికి గూడ బోరు నీళ్లతోనే తానం చేస్తడు.

లెక్కలు అన్న, పెట్టుబడి నాలుగు దినాలల్ల రావాలె అనుకోకు. సోమశిలకు మంచిగ నడిపే బోటు కావాలె, మాకు గూడ కావాలె.

మిర్యాలగూడ_లెక్కలు:
చదివిన. నాకు ఇయి తెల్వదు అన్న, తప్పుగ అడిగిన. మావోళ్లతోని మాట్లాడ్త. ఆ చేపల బోటుకు బయానా ఇంక ఇయ్యలే, ఇయ్యను గూడ. సరంగు సార్, మీ నంబరు ఈడ పెట్టకండి గని నేను గ్రూపులనే అడుగుత, మీరు చెప్పాలె.

టాంపా_నల్గొండ:
నమస్తే అండీ, మాది నకిరేకల్, పదిహేనేండ్ల సంది అమెరికాల ఫ్లోరిడాల ఉంటున్న. ఈడ నేను వీకెండ్‌ల చిన్న బోటు మీద మనుషుల్ని తిప్పనీకి లైసెన్స్ తీసుకున్న, అది ఎట్ల ఉంటదో చెప్తె తమ్మునికి పోల్చి చూసుకోనీకి పనికొస్తదని రాస్తున్న.

ఈడ కోస్ట్ గార్డ్ ఇస్తది. చిన్న లైసెన్స్‌ను అందరు సిక్స్ ప్యాక్ అంటరు, అంటే పైసలు తీసుకోని ఆరుగురి వరకే ఎక్కించుకోవచ్చు. దానికే 360 దినాల నీళ్ల మీది అనుభవం చూపియ్యాలె, అందుల 90 దినాలు పోయిన మూడేండ్లల్ల ఉండాలె. చిన్న బోట్లకు నాలుగు గంటలు నడిపితెనే ఒక దినం కింద లెక్క. నేను ఐదేండ్లు శని ఆదివారాలు ఒక పాత కెప్టెన్ దగ్గర డెక్కు కడుక్కుంట ఆ 360 నింపిన. మెడికల్, డ్రగ్ టెస్ట్, ఫస్ట్ ఎయిడ్, సెక్యూరిటీ కార్డు, అన్నీ అయినంక పరీక్ష. పరీక్షల ఒక పేపరు నీళ్ల మీది రోడ్డు రూల్స్, దాంట్ల 90 శాతం రావాలె, 89 వచ్చినా ఫెయిలే. నేను మొదటిసారి ఫెయిలైన. ఆరుగురి కంటె ఎక్కువ ఎక్కించాలంటె పడవకు వేరే తనిఖీ ఉండాలె, నాకు మాస్టర్ లైసెన్స్ ఉండాలె.

సరంగు సార్ రాసింది చదువుతుంటె మా కెప్టెన్ మాట యాదికొచ్చింది. ఆయన గూడ ఫస్ట్ రోజే ఒక నోటుబుక్కు చేతుల పెట్టి, ఏ దినం, ఏ బోటు, ఎన్ని గంటలు, ఎక్కడి నుంచి ఎక్కడికి, అన్నీ రాయి, వారం వారం నా సంతకం తీసుకో అన్నడు. తమ్మీ నువ్వు గూడ అట్ల రాసుకో. ఏడాదయినంక యాదికి చేసుకుంట రాస్తె ఎవ్వలు నమ్మరు.

సాగర్_పోరడు:
అన్నా నోటుబుక్కు రేపే కొంట. నీళ్ల మీది రోడ్డు రూల్స్ అంటె ఏందో జర చెప్తరా? మాకు సాగర్‌ల అసుమంటియి ఏం లెవ్వు, ఎదురుంగ పుట్టి వస్తె ఓయ్ అని ఒర్లుతం.

టాంపా_నల్గొండ:
ఉంటయ్ తమ్మీ, సాగర్‌ల గూడ ఉంటయ్, రోడ్డు మీద లాగ గీతలు లెవ్వు గని రూల్ ఉంటది. సముద్రానికి 1972ల అన్ని దేశాలు ఒప్పుకున్న రూల్స్ ఉన్నయ్, నదుల రూల్స్ గూడ చానవరకు దాని తీరుగనే. ఇంజన్ పడవలు రెండు ఎదురెదురుగ వస్తె ఇద్దరు ఎవరి కుడికి వాళ్లు తిప్పాలె. మన రోడ్డు అలవాటుకు ఇది ఉల్టా, మనం రోడ్డు మీద ఎడమకు తప్పుకుంటం గద, కంగారుల చెయ్యి ఎడమకే పోతది, అందుకే బాగ మనసుల పెట్టుకో. రాత్రి పడవకు ఎడమ దిక్కు ఎర్ర లైటు, కుడి దిక్కు ఆకుపచ్చ లైటు. ఎదుటి పడవది ఏ రంగు కనపడుతున్నదో చూసి అది ఎటు పోతున్నదో చెప్పాలె. అందుకే మెడికల్‌ల రంగుల కంటి పరీక్ష చేస్తరు, ఎరుపు ఆకుపచ్చ తేడా తెల్వనోళ్లు ఆడనే ఆగిపోతరు. నువ్వు ఇన్ని దినాలు తిరిగి ఆఖరుకు ఆడ ఆగొద్దు, ముందే కండ్ల డాక్టర్‌తోని చూపిచ్చుకో.

హారన్ గూడ భాషే. ఒక్క చిన్న కూత అంటె నేను కుడికి తిప్పుతున్న, రెండు అంటె ఎడమకు, మూడు అంటె ఇంజన్ రివర్స్‌ల ఉన్నది. ఐదు చిన్న కూతలు ఎంటెంట కొడితె నువ్వేం చేస్తున్నవో నాకు సమజైతలేదు, ప్రమాదం ఉన్నది అని.

పాత_సరంగు:
నకిరేకల్ సార్ మంచిగ చెప్పిన్రు. నేను మన నీళ్ల సంగతి చెప్త, అది ఏ పుస్తకంల దొరకదు.

మొదలు, చాన మంది కలిపి మాట్లాడుతరు గని సోమశిల నీళ్లు వేరు, సాగర్ నీళ్లు వేరు. సోమశిల లాంచి పోయేది శ్రీశైలం డ్యాం పైన నీళ్లల్ల, పాతాళగంగ దిక్కు చేరుతది. సాగర్ లాంచి పోయేది అదే శ్రీశైలం డ్యాం కింద, లింగాలగట్టు దగ్గర ఆగుతది, ఆడికెల్లి ఘాటు రోడ్డు ఎక్కి శ్రీశైలం గుడికి పోవాలె. శ్రీశైలం నిండ నీళ్లు 885 అడుగులు, సాగర్ 590. ప్రతి పొద్దు లాంచి తీయకముందు ఇయ్యాల నీళ్లు ఎన్ని అడుగులున్నయ్ అని అడిగి రాసుకోవాలె. 590ల ఉన్నప్పుడు నువ్వు కండ్లు మూసుకోని పోయిన దారిల నీళ్లు తగ్గినంక గుట్ట నెత్తి లేస్తది, మునిగిన ఊర్ల గోడలు, చెట్ల మోడులు లేస్తయ్. అవి పైకి కనపడితె భయం లేదు, నీళ్లకు ఒక్క అడుగు కింద దాక్కున్నప్పుడే పడవ పొట్ట చీలుస్తయ్. మీ నాయినకు ఏ గుట్ట ఎన్ని అడుగులకు లేస్తదో తెలుస్తది, కూసోని అడిగి కాయితం మీద గీసుకో.

రెండోది లింగాలగట్టు కాడ. శ్రీశైలం ఎడమ గట్టు పవర్ హౌసుల 150 మెగావాట్లయి ఆరు మిషన్లు. కరెంటు తీసినప్పుడు నీళ్లు కిందికి ఒక్కసారె దబదబ వస్తయ్, మళ్ల అవే మిషన్లు నీళ్లను ఎనక్కు పైకి తోడ్తయ్ గూడ. అంటె ఆడ నది రెండు దిక్కులా పారుతది. కొత్త సరంగు పొద్దున ఒక తీరు చూసి మాపటికి అదే తీరు అనుకుంటె రేవుకు కొట్టుకుంటడు. రేవుకు ఎప్పుడు చేరినా పారకానికి ఎదురుంగ చేరాలె, అప్పుడే పడవ నీ మాట వింటది. ఎనక నుంచి పారకం నూకుతుంటె చుక్కానికి బలం ఉండదు. ఇంజన్ బందైందనుకో, చుక్కాని ఉన్నా ఒకటే లేకున్నా ఒకటే, ఎందుకంటె దాని మీదికి నీళ్లు ఉరుకుతెనే అది పడవను తిప్పుతది.

మూడోది గాలి. పొద్దున సాగర్ అద్దం తీరుగ ఉంటది, పగటాల దాటినంక గుట్టల సందుల నుంచి గాలి దిగుతది. మీకు తెల్వని సంగతి గాదు.

డీజిల్_మిర్యాలగూడ:
ఇంజన్ దిక్కు నేను ఒకటి కలుపుత. నేను చూసిన బోట్లల్ల ఇంజన్ మధ్యల ఆగిందంటె సగం సార్లు కూలింగ్ నీళ్ల జాలి మూసుకపోయే, ప్లాస్టిక్ కవర్లు, గుర్రపు డెక్క. ఇంకో సగం పడవను నూకే నీళ్లల్లి ఫ్యాన్‌కు వల సుట్టుకునుడు. నువ్వు ఐటీఐ డీజిల్ చేసినోనివి, నీకు ఇది సులువు. ట్రిప్పుకు ముందు జాలి తీసి కడుగు, డీజిల్‌ల నీళ్లున్నయా చూడు, అడుగున చేరిన నీళ్లు పంపు పెట్టి తీసెయ్. అడుగున నీళ్లుంటె అవి గూడ పడవ వంగిన దిక్కే ఉరుకుతయ్, ఇంకింత వంచుతయ్. సార్ ఒక మాట, తమ్మీ ఇంజన్ డ్రైవర్ సర్టిఫికెట్ దిక్కు పోతె తొందరగ మెట్టెక్కుతడేమో?

పాత_సరంగు:
ఐటీఐ ఉన్నది కాబట్టి ఆ దారి గూడ మంచిదే. కాని వాని మనసు చుక్కాని మీద ఉన్నది, పోస్టులనే తెలుస్తున్నది. కలాసిగ చేరనీ, ఇంజన్ రూముల పని గూడ చేసి ఆ దినాలు గూడ రాయించుకోనీ. ఇంజన్ తెలిసిన సరంగుకు మర్యాద ఎక్కువ ఉంటది.

పాలమూరు_అక్క:
అన్నలూ, మా బిడ్డ ఇంటర్ చదువుతున్నది, జూరాల చూసొచ్చినప్పటి సంది బోటు నడపాలె అంటున్నది. వాళ్ల నాయిన నవ్వుతడు. ఆడపిల్లలకు ఇస్తరా ఈ సర్టిఫికెట్? ఇంకొకటి, ఇది తీసుకుంటె వైజాగ్‌ల సముద్రం మీద గూడ పనికొస్తదా?

పాత_సరంగు:
అమ్మా ఇస్తరు, మగ ఆడ తేడా ఏం లేదు. సర్వీసు, పరీక్ష, కండ్లు, ఈత, ఇయే చూస్తరు. బిడ్డను ముందు ఈత నేర్పియ్యండి, ఎండాకాలం సెలవులల్లనే. సముద్రానికి ఇది పనికిరాదు, అది షిప్పింగ్ డైరెక్టర్ జనరల్ కింద వేరే దారి, వేరే సర్టిఫికెట్లు. కాని నదులల్ల మన దగ్గర తీసుకున్నది ఏ రాష్ట్రంలనైన చెల్తది, కొత్త చట్టంతోని దేశం అంత ఒకటే తీరు అయింది. బిడ్డ అడిగినప్పుడు నవ్వొద్దని వాళ్ల నాయినకు నేను చెప్పిన్నని చెప్పండి.

హైదరాబాదీ_జలం:
పని దొరుకుతదా అని ఎవ్వలు అడగలే గని చెప్త. 2028ల కృష్ణా పుష్కరాలు ఉన్నయ్, పోయినసారి 2016ల వచ్చినయ్. మన వాడపల్లి దగ్గరి వజీరాబాద్ సంది విజయవాడ దాక 157 కిలోమీటర్ల కృష్ణను నాలుగో జాతీయ జలమార్గంల 2008లనే కలిపిన్రు. బోట్లు ఎన్ని వస్తయో ఏమో గని కాయితం ఉన్న మనిషి ఇప్పటికే తక్కువ. ఇప్పుడు మొదలు పెడితె పుష్కరాల నాటికి తమ్మీ చేతుల ఒక మెట్టన్న ఉంటది.

సాగర్_పోరడు:
అందరికి దండాలు. నాలుగు నెలల తర్వాత రాస్తున్న. నల్గొండల కండ్ల పరీక్ష చేయించుకున్న, రంగులన్ని మంచిగ కనపడుతున్నయ్. 40 వేల మనిషికి వద్దని చెప్పేసిన. రెండు బోట్లోళ్లను అడిగిన, ఒకాయన కాయితాలు అడిగినందుకు నువ్వేమన్న కలెక్టర్‌వా అని ఎల్లగొట్టిండు. రెండో ఆయన మాత్రం అలమారీ తీసి రిజిస్ట్రేషన్, సర్వే, ఇన్సూరెన్స్ మూడు ముందల పెట్టిండు, ఇన్నేండ్లల్ల ఇయి అడిగినోనివి నువ్వొక్కనివే అన్నడు. ఆయన దగ్గరనే కలాసిగ చేరిన. జీతం తక్కువ. నోటుబుక్కుల ఇప్పటికి 71 దినాలు రాసిన, సంతకాలు ఉన్నయ్.

మొన్న ఆదివారం ఒక సంగతైంది. పెండ్లి పార్టీ వచ్చింది, ఎక్కిస్తుంటె నేను వేళ్ల మీద కాకుండ గులకరాళ్లు డబ్బల ఏసుకుంట లెక్క పెట్టిన, మా నాయిన చేపల గంపలకు అట్లనే లెక్క పెడ్తడు. బోర్డు మీది నంబరుకు నలుగురు ఎక్కువైన్రు. సరంగుకు చెప్పిన. ఆయన ఇంజన్ స్టార్ట్ చెయ్యలే. పెండ్లి పెద్దలు మస్తు ఒర్లిన్రు, మేం ఎవరమో తెల్వదా అన్నరు, అర్ధ గంట అట్లనే ఉన్నం. ఆఖరికి నలుగురు దిగి చెట్టు కింద కూసున్నరు, రెండో ట్రిప్పుల తీస్కపోయినం. అందుల ఒక ముసలవ్వ దిగేటప్పుడు నన్ను తిట్టింది, రెండో ట్రిప్పుల ఎక్కేటప్పుడు మళ్ల నా చెయ్యే పట్టుకోని ఎక్కింది.

సరంగు సార్, రేటింగ్ కోర్సుకు పాట్నా పోవాలంటె ఏ కాయితాలు కట్టుకోవాలె? నాయిన గూడ స్టేషన్ దాక వస్త అంటున్నడు.

పాత_సరంగు:
బిడ్డా చదివి నా ఇంటామెకు గూడ చదివి వినిపించిన. టెన్త్ మెమో, ఐటీఐ సర్టిఫికెట్, ఆధార్, మెడికల్, ఫోటోలు, ఆ నోటుబుక్కు, అన్నీ రెండు రెండు జిరాక్సులు తీసి ఒక ప్లాస్టిక్ కవర్ల పెట్టు. ఒరిజినళ్లు బ్యాగుల గాదు, ఒంటి మీదనే ఉండాలె. పాట్నాల చలి ఎక్కువ, రగ్గు పట్టుకపో. గురువారం పొద్దుగాల నేను లాంచి స్టేషన్‌కు వస్త, మీ నాయినను గూడ తోల్కరా, ఆ గుట్టల లెక్క గీసిన కాయితం ఉంటె పట్టుకరా, ఒకసారి ముగ్గురం కలిసి చూద్దాం.

సాగర్_పోరడు:
వస్తం సార్. గీసిన. 540 అడుగుల కాడికి అయింది, దాని కింది గుట్టలు నాయినకు గూడ అన్నీ యాదికి లెవ్వట, మా పెదనాయినను అడుగుతున్నడు.